కొత్త సన్ కన్యూర్ ఇంటికొస్తోంది: డాక్టర్‌కి మొదటిసారి ఎప్పుడు చూపించాలి?

బెజవాడ_బాల్కనీ
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. రేపు పొద్దున ఇంటికి సన్ కన్యూర్ చిలక వస్తోంది. వయసు 4 నెలలు. చేతిమేత మానేసి సొంతంగా తింటోందని అమ్మే ఆయన చెప్పారు. కాలికి మూసిన రింగు ఉంది, బిల్లు కూడా ఇస్తారట. "3 రోజుల్లో ఏమన్నా అయితే మార్చి ఇస్తాం, ఆ తర్వాత మాకు సంబంధం లేదు" అన్నది వాళ్ళ షరతు. మా ఇంట్లో ఇప్పటికే రెండు కాక్‌టెయిల్ (కాకటీల్) చిలకలు ఉన్నాయి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్ళాలో తేలడం లేదు. కొందరు తెచ్చిన రోజే చూపించమంటున్నారు, కొందరేమో రెండు వారాలు కదపొద్దు, బెదిరిపోతుంది అంటున్నారు. ఇక్కడ ఎండ 42 దాటింది. ఎప్పుడు వెళ్ళాలి, ఏ పరీక్షలు చేయించాలి, వెంట ఏం పట్టుకెళ్ళాలి?

కొర్రల బస్తా
శనివారం, రాత్రి 9:40

నా ఓటు రెండు వారాలకే. కొత్త ఇల్లు, కొత్త పంజరం, కొత్త మొహాలు. దానికి తోడు కారు, కుక్కల అరుపులు, తువ్వాల్లో చుట్టి పట్టుకోవడం అన్నీ ఒకే వారంలో పడితే మనిషి చెయ్యంటేనే భయపడిపోతుంది. ముందు తిండి మీద పడనివ్వండి. ఏదైనా తేడా కనిపిస్తే అప్పుడు పరిగెత్తొచ్చు.

పిట్టల_డాక్టర్
శనివారం, రాత్రి 10:25

కొర్రల బస్తా గారు చెప్పిన బెదురు నిజమే. చిక్కంతా "తేడా కనిపిస్తే" అన్న మాట దగ్గరే ఉంది. చిలక జాతి పక్షి నీరసాన్ని బయటపడనివ్వదు. మనిషి గదిలోకి వచ్చాడంటే ఈకలు అణుచుకుని, కళ్ళు పెద్దవి చేసి నిటారుగా నిలబడుతుంది. ఇంటివాళ్ళ కంటికి తేడా తెలిసేసరికి జబ్బు చాలా దూరం వెళ్ళిపోయి ఉంటుంది. రెండు వారాలు ఆగితే అమ్మినవాళ్ళ 3 రోజుల గడువు ఎలాగూ పోతుంది. అంతకన్నా నష్టం ఏంటంటే, కొత్త పక్షి రెట్ట ధూళి మీ కాక్‌టెయిల్స్ దాకా చేరడానికి ఆ రెండు వారాలు చాలు.

అలాగని వచ్చిన గంటలోనే అన్ని పరీక్షలూ చేయించెయ్యడమూ సరికాదు. రక్తం సంగతే చూడండి. చోటు మారిన ఒత్తిడికి పక్షిలో తెల్ల రక్తకణాల లెక్క పెరుగుతుంది, అందులోనూ హెటెరోఫిల్స్. రెండో రోజు రక్తం తీస్తే వచ్చిన అంకె ఇన్ఫెక్షన్ వల్లా, ప్రయాణం వల్లా అన్నది తేల్చలేం. చూడ్డానికి బాగున్న పక్షికి మొదటి వారంలో రక్తపరీక్ష అక్కర్లేదు.

అందుకని రెండు విడతలుగా చెయ్యండి.

మొదటిది ఇంటికొచ్చిన 2వ రోజు నుంచి 4వ రోజు లోపు. బరువు, ఒంటి పరీక్ష, రెట్టను మైక్రోస్కోప్ కింద చూడటం, గ్రామ్ స్టెయిన్ (రెట్టకి రంగు వేసి బాక్టీరియా, ఈస్ట్ చూసే పరీక్ష). అంతవరకే. పక్షి డాక్టర్ చేతిలో ఉండేది ఐదారు నిమిషాలు. మీ గడువు 3 రోజులు కాబట్టి మంగళవారం పొద్దున మొదటి అపాయింట్‌మెంట్ తీసుకోండి.

రెండోది 4 నుంచి 5 వారాల మధ్య, కాక్‌టెయిల్స్ ఉన్న గదిలోకి చేర్చే ముందు. రక్తం, పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే) పరీక్షలు అప్పుడు.

ఈ లెక్క ఆరోగ్యంగా కనిపించే పక్షికే. పంజరం అడుగున కూర్చున్నా, ఊపిరి తీసినప్పుడల్లా తోక పంపు కొట్టినట్టు ఊగినా, నోరు తెరిచి ఆయాసపడినా, పగలు ఈకలు ఉబ్బించుకుని రెండు కాళ్ళ మీదా నిద్రపోతున్నా, రెట్ట ఆగిపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ఆ పూటే వెళ్ళండి.

నిశ్శబ్ద_కాకటూ
శనివారం, రాత్రి 10:51

> మొదటిది ఇంటికొచ్చిన 2వ రోజు నుంచి 4వ రోజు లోపు

డాక్టర్ గారూ, షాపు నుంచి ఇంటికి వెళ్ళకుండా నేరుగా క్లినిక్‌కే తీసుకెళ్తే? పక్షికి రెండు ప్రయాణాల బదులు ఒక్కటే అవుతుంది. పైగా ఇంట్లో వేరే పక్షులున్నాయి కదా.

పిట్టల_డాక్టర్
శనివారం, రాత్రి 11:08

దానికీ లాభం ఉంది. ఇంట్లో వేరే గది లేనివాళ్ళు అలాగే చెయ్యాలి. ముక్కు నుంచి నీరు, కళ్ళ వాపు, రెట్ట అంటుకున్న తోక కింది ఈకలు, బ్లేడులా పైకి తేలిన రొమ్ము ఎముక ఇవన్నీ గుమ్మంలోనే దొరికిపోతాయి. పక్షి ఇల్లు ఎక్కకుండానే వెనక్కి ఇచ్చెయ్యొచ్చు.

కాకపోతే డాక్టర్‌కి ఆ రోజు దొరికేది ఒక్క రోజు బొమ్మే. ఎంత తింటోంది, బరువు పెరుగుతోందా తరుగుతోందా, రాత్రి రెట్ట ఎలా ఉంది అన్నవాటికి ఎవరి దగ్గరా జవాబు ఉండదు. ప్రయాణంలో వేసే రెట్ట ఎప్పుడూ నీళ్ళగానే ఉంటుంది, దాన్ని చూసి ఏదీ తేల్చలేం. వేరే గది ఉండి, దాని తలుపు మూసి ఉంచగలిగితే రెండు రోజుల రెట్ట కాగితాలూ, మూడు పొద్దుల బరువూ పట్టుకుని వచ్చే పక్షినే చక్కగా పరీక్షించగలం.

రెట్టశాస్త్రి
శనివారం, రాత్రి 11:30

కాగితాల మాట వచ్చింది కాబట్టి నా సబ్జెక్టు మొదలు 🙂

పంజరం అడుగున న్యూస్‌పేపర్ వద్దు. తడి పీల్చేస్తుంది, సిరా రంగు కలుస్తుంది, ఏమీ చదవలేం. బటర్ పేపర్ గానీ తెల్ల కాగితం మీద క్లింగ్ ఫిల్మ్ గానీ పరవండి. సాయంత్రం ఒకటి, పొద్దున ఒకటి మార్చి, వెనక తేదీ, టైము రాయండి.

రెట్టలో మూడు భాగాలుంటాయి. పచ్చగానో గోధుమరంగులోనో చుట్ట తిరిగిన మలం, సున్నంలాంటి తెల్ల ముద్ద, చుట్టూ కొంచెం నీరు. చుట్ట గట్టిగా ఉండి నీటి వలయం మాత్రం పెద్దదైతే అది విరేచనం కాదు, మూత్రం ఎక్కువైంది. బెదిరినప్పుడు, దోసకాయ, పుచ్చకాయ తిన్నప్పుడు అలాగే అవుతుంది. చుట్టే విడిపోయి బురదలా పరుచుకుంటే అది విరేచనం.

రెండు గుర్తులు మాత్రం వదలొద్దు. తెల్లగా ఉండాల్సిన ముద్ద పసుపుకో, గడ్డి పచ్చకో తిరిగితే కాలేయం వైపు అనుమానం. చిలకల్లో ఆ అనుమానం వెనకే క్లామిడియా అనే బాక్టీరియా జబ్బు వస్తుంది. చుట్ట దాదాపు లేకుండా ముదురు పచ్చ జిగురు చుక్కలు మాత్రమే పడితే పక్షి తినడం లేదని అర్థం, అది ఒట్టి పైత్యరసం. గిన్నె నిండుగా ఉంది కదా అనుకోకండి. గింజ వలిచి పొట్టు అదే గిన్నెలో వదిలేస్తుంది. ఒకసారి ఊది చూడండి, పైన లేచేదంతా పొట్టే. తిననిదీ, తిన్నదీ రెండూ నిండు గిన్నెలాగే కనిపిస్తాయి.

డాక్టర్ దగ్గరికి పాత కాగితాలన్నీ మడవకుండా తీసుకెళ్ళండి. మైక్రోస్కోప్ కింద పెట్టాల్సింది మాత్రం తాజాది. కదిలే క్రిములు చల్లారి ఎండితే కనపడవు. కాక్‌టెయిల్స్‌లో వచ్చే జియార్డియా అయితే అప్పటికప్పుడు వేసిన రెట్టలో చూస్తేనే దొరుకుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి రెండో రోజు తెచ్చే సాంపిల్‌తో ఉపయోగం లేదు.

బెజవాడ_బాల్కనీ
శనివారం, రాత్రి 11:44

బరువు ఎలా తూచాలి? వంటింటి కాటా సరిపోతుందా? 4 నెలల సన్ కన్యూర్ ఎంత ఉండాలి?

కొర్రల బస్తా
ఆదివారం, ఉదయం 6:20

కాటా విషయంలో నేను చెప్పగలను. 1 గ్రాము తేడా చూపించే డిజిటల్ వంటింటి కాటా చాలు. 5 గ్రాముల మెట్లతో చూపించేది పనికిరాదు. పైన చిన్న కర్ర నిలబెట్టి సున్నాకి తెచ్చి, దాని మీద పక్షిని ఎక్కించండి. ఎక్కకపోతే మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి తూచండి, మూతకి రంధ్రాలుండాలి. రోజూ ఒకే వేళ: పొద్దున లేచి మొదటి పెద్ద రెట్ట వేశాక, మేత పెట్టకముందు. రాత్రి తూచి పొద్దుటి అంకెతో పోల్చకండి. గొంతు కింద సంచిలో ఉన్న మేతే 5, 6 గ్రాములు తూగుతుంది.

పెద్ద సన్ కన్యూర్ 100 నుంచి 130 గ్రాముల మధ్య ఉంటుంది. 4 నెలల పిల్ల 95, 100 ఉన్నా కంగారక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: బడ్జీ 30-40, కాక్‌టెయిల్ 80-120, ఆఫ్రికన్ గ్రే 400-550.

ఇంకోటి, వీపు మీదా రెక్కల మీదా పచ్చ ఈకలు ఎక్కువున్నాయని "ఇది సన్ కన్యూరేనా" అని గాభరా పడకండి. పిల్లలు అలాగే ఉంటాయి, పూర్తి పసుపు రావడానికి ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది.

పిట్టల_డాక్టర్
ఆదివారం, ఉదయం 7:05

మొదటి అంకె కంటే మూడు రోజుల వరస ముఖ్యం. కొత్త చోట మొదటి రెండు రోజుల్లో 100 గ్రాముల పక్షి 3, 4 గ్రాములు తగ్గి మూడో రోజుకి నిలబడటం మామూలే. 10 గ్రాములు తగ్గిందంటే పదో వంతు పోయినట్టు, అంటే 60 కిలోల మనిషి 6 కిలోలు తగ్గినట్టు. మంగళవారం దాకా ఆగకుండా అదే రోజు రండి.

అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు ఫోన్‌లో నాలుగు ప్రశ్నలు అడగండి. గ్రాముల్లో తూచే కాటా ఉందా? రెట్టను అక్కడే మైక్రోస్కోప్ కింద చూస్తారా? పక్షులు తరచుగా వస్తాయా? అవసరమైతే ఐసోఫ్లురేన్ మత్తు ఉందా? మొదటి రెండిటికీ "లేదు" అంటే వేరేచోట అడగండి. మీకు దగ్గర్లో గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. హైదరాబాద్ వాళ్ళకి రాజేంద్రనగర్, రాయలసీమ వాళ్ళకి తిరుపతి పశువైద్య కళాశాలలు ఉన్నాయి. ఓపీ వేళలు ముందుగా కనుక్కోండి. చిన్న ఊళ్ళలో పశువుల ఆసుపత్రి ఒక్కటే దిక్కైతే, కనీసం తాజా రెట్టను స్లైడ్ మీద చూడమని అడగండి. గేదె పేడ చూసే మైక్రోస్కోప్ చిలక రెట్టకీ సరిపోతుంది.

మంచి పరీక్ష ఎలా ఉంటుందో తెలిస్తే మీరే గుర్తుపడతారు. డాక్టర్ ముందు దూరంగా కూర్చుని పంజరంలో ఉన్న పక్షిని రెండు మూడు నిమిషాలు చూస్తారు. ఊపిరి వేగం, నిలబడే తీరు, రెండు కాళ్ళ మీదా బరువు సమంగా వేస్తోందా అన్నది అప్పుడే తెలుస్తుంది, పట్టుకున్నాక తెలియదు. తర్వాత తువ్వాలుతో మెడ దగ్గర వేళ్ళతో పట్టుకుంటారు. రొమ్ము మీద చెయ్యి నొక్కిపెట్టరు. పక్షికి మనలా ఉదరవితానం ఉండదు, రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే గాలి లోపలికి పోతుంది. అక్కడ గట్టిగా నొక్కితే నోరు తెరిచి ఉన్నా ఊపిరి ఆడదు. అలా నొక్కుతుంటే "డాక్టర్ గారూ, కొంచెం వదులు చెయ్యండి" అనడానికి మొహమాటపడకండి.

ఆ తర్వాత ముక్కు రంధ్రాలు, కళ్ళు, చెవి రంధ్రాలు. నోరు తెరిచి అంగిలి మధ్య చీలికను చూడటం ముఖ్యం. దాని అంచుల మీద ముళ్ళలాంటి చిన్న మొనలుంటాయి. అవి అరిగి నున్నగా ఉంటే ఇన్నాళ్ళూ ఒట్టి పొద్దుతిరుగుడు గింజల మీద బతికిందని, విటమిన్ ఎ చాలలేదని అనుమానించాలి. రొమ్ము ఎముక పక్కన కండ, పొట్ట, తోక పైనున్న నూనె గ్రంథి, రెట్ట ద్వారం, అరికాళ్ళు, రెక్కల ఈకలు కూడా చూడాలి. ఎదిగే ఈకల్లో నల్లటి గీతలు, నొక్కుకుపోయిన మొదళ్ళు ఉంటే ఈకల జబ్బు వైరస్, అంటే పీబీఎఫ్‌డీ పరీక్షను ముందుకు జరుపుతాం.

మొదటి రోజు రెక్కలు కత్తిరించమని, గోళ్ళు, ముక్కు అరగదియ్యమని అడగొద్దు. అవి ఆగే పనులు. కోళ్ళకి వేసే టీకాలు కూడా అడగొద్దు.

ఫ్రిస్కో_పిట్ట
ఆదివారం, ఉదయం 7:50

అమెరికాలో ఉన్న మనవాళ్ళ కోసం ఒక మాట. ఇక్కడ చాలామంది బ్రీడర్ల కాంట్రాక్టులో 48 లేదా 72 గంటల్లో వెట్‌కి చూపించి కాగితం పంపితేనే హెల్త్ గ్యారంటీ నిలుస్తుందని రాసి ఉంటుంది. శుక్రవారం సాయంత్రం తెచ్చుకుంటే సోమవారానికి గడువు అయిపోతుంది, అందుకని అపాయింట్‌మెంట్ ఖరారయ్యాకే పక్షిని తెచ్చుకునే రోజు పెట్టుకోండి. వెట్‌ని వెతికేటప్పుడు ఏబీవీపీలో (అమెరికన్ బోర్డ్ ఆఫ్ వెటర్నరీ ప్రాక్టీషనర్స్) ఏవియన్, అంటే పక్షుల స్పెషాలిటీ ఉన్నవాళ్ళని చూడండి. "ఎగ్జాటిక్స్ కూడా చూస్తాం" అనే బోర్డు చాలదు.

మోడరేటర్
ఆదివారం, ఉదయం 8:30

చట్టం కాగితాల సంగతి ఒకసారి చెప్పి వదిలేస్తాను. సన్ కన్యూర్ సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం, 2024 ఫిబ్రవరి నిబంధనల ప్రకారం ఇలాంటి పక్షి చేతికొచ్చిన 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదుకి దరఖాస్తు చెయ్యాలి. బడ్జీ, కాక్‌టెయిల్, పీచ్‌ఫేస్ లవ్‌బర్డ్ సైటిస్ జాబితాలో లేవు కాబట్టి వాటికి ఇది అక్కర్లేదు. డాక్టర్ రాసే కాగితం మీద జాతి పేరు, రింగు నంబరు, తేదీ, బరువు రాయించుకోండి. పక్షి ఇదేనని తర్వాత చూపించాల్సి వస్తే పనికొస్తుంది.

రామచిలుక గురించి ఎవరూ అడగకముందే: మన దేశపు చిలకల్ని కొనడం, అమ్మడం, పెంచుకోవడం నేరం. దెబ్బ తగిలి దొరికితే ప్రథమ చికిత్స చేయించి అటవీ శాఖకి అప్పగించండి.

లక్ష్మీ_లవ్‌బర్డ్స్
ఆదివారం, ఉదయం 10:15

మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. ఒక జత బడ్జీలు తెచ్చాము, సంతలో కొన్నవి. అంత చిన్నవాటికి కూడా డాక్టరా అని ఇంట్లో నవ్వుతున్నారు. వీటికీ అదే లెక్కా?

రెట్టశాస్త్రి
ఆదివారం, ఉదయం 10:40

అదే లెక్కండి, 2 నుంచి 4 రోజుల్లోనే. ఇంకా చెప్పాలంటే వీటికే ముందు. సంతలో ఒక్కో పంజరంలో పాతికా ముప్ఫై కుక్కి, ఒకే నీళ్ళ గిన్నె పెడతారు. ఆ నీళ్ళల్లోంచి ట్రైకోమోనాస్ అనే క్రిమి ఒకదాని నుంచి ఒకదానికి పాకుతుంది.

బడ్జీల్లో ముఖ్యంగా చూడాల్సింది మాక్రోరాబ్డస్. మెగాబాక్టీరియా అని పాత పేరు, నిజానికి అదొక ఈస్ట్. గిన్నె దగ్గరే కూర్చుని తింటున్నట్టు ఉంటుంది, చిక్కిపోతూ ఉంటుంది. రెట్టలో అరగని కొర్ర గింజలు గింజలుగానే పడతాయి, వాంతి తలకి అంటి ఈకలు అట్టకట్టి ఉంటాయి. తాజా రెట్ట ఒక చుక్క సెలైన్‌లో కలిపి చూస్తే పుల్లల్లా కనిపిస్తుంది. మామూలు యాంటీబయాటిక్‌కి లొంగదు, ఆంఫోటెరిసిన్-బి నోటి ద్వారా ఇవ్వాలి.

ముక్కు చుట్టూ, కళ్ళ చుట్టూ తేనెపట్టులా గుల్లగుల్లగా తెల్లటి పెచ్చు ఉంటే గజ్జి పురుగు. దానికి ఐవర్‌మెక్టిన్ చుక్క మందు ఉంది, మోతాదు మాత్రం డాక్టరే వెయ్యాలి. 35 గ్రాముల పిట్టకి మేకల మందు చుక్క లెక్కన వేస్తే చచ్చిపోతుంది. రెండిటినీ కలిపే తీసుకెళ్ళండి, ఒకదానికి ఉంటే రెండోదానికీ ఉన్నట్టే.

నిశ్శబ్ద_కాకటూ
ఆదివారం, ఉదయం 11:02

ఇంకా చేతిమేతలో ఉన్న పిల్లల్ని కొనేవాళ్ళకి 2-4 రోజుల లెక్క వర్తించదేమో కదా డాక్టర్ గారూ? 6 వారాల గ్రే పిల్లల్ని సిరంజితో సహా చేతిలో పెట్టి పంపేస్తున్నారు.

పిట్టల_డాక్టర్
ఆదివారం, మధ్యాహ్నం 1:15

వర్తించదు. చేతిమేత పిల్లకి 24 గంటలే. మొదటిసారి పెంచేవాళ్ళు అలాంటి పిల్లని కొననే కూడదన్నది నా అభిప్రాయం. కొనేశారనుకుంటే అదే రోజు లేదా మర్నాడు పొద్దున.

ఎందుకంత తొందరంటే, పెద్ద పక్షి ఒక పూట తినకపోతే నెట్టుకొస్తుంది, పిల్ల నెట్టుకురాలేదు. మేత 40 డిగ్రీల దగ్గర ఉండాలి. 43 దాటితే గొంతు కింద సంచి లోపల కాలుతుంది, ఆ పుండు నాలుగైదు రోజులకి గానీ బయటికి తెలియదు. 37 కన్నా చల్లారితే సంచి కదలడం మందగించి మేత లోపలే పులుస్తుంది. మైక్రోవేవ్‌లో పెట్టి కలపకుండా పట్టడం వల్లే చాలా పిల్లలకి కాలుతుంది, మధ్యలో వేడి ముద్దలు మిగిలిపోతాయి. వేలితో చూడకండి, థర్మామీటర్ పెట్టండి. రాత్రి ఆఖరి మేత పొద్దుటికి పూర్తిగా దిగిపోయి సంచి ఖాళీ అవ్వాలి. అవ్వకపోతే దాని మీద ఇంకో మేత పట్టకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

క్లినిక్‌కి వచ్చేముందు 2, 3 గంటలు మేత పట్టొద్దు. నిండు సంచితో పట్టుకుంటే మేత పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సొంతంగా తినే పక్షికి ఇంత ఆపక్కర్లేదు, ఒక గంట ముందు గిన్నె తీస్తే చాలు.

మోడరేటర్
ఆదివారం, మధ్యాహ్నం 1:32

ఆఫ్రికన్ గ్రే సైటిస్ మొదటి అనుబంధంలో ఉంది. బిల్లూ రింగూ లేని పిల్లని ఎంత తక్కువకి ఇచ్చినా ముట్టుకోవద్దు.

బెజవాడ_బాల్కనీ
ఆదివారం, సాయంత్రం 6:10

పక్షి వచ్చింది. వెనక గదిలో పెట్టి తలుపు మూశాం. 104 గ్రాములు ఉంది, మధ్యాహ్నం తూచాను. షాపులో నీళ్ళ గిన్నెలో పసుప్పచ్చ పొడి కలిపి ఉంది, "కొత్త పక్షికి మంచిది, 5 రోజులు ఇవ్వండి" అని ఒక పొట్లం కూడా ఇచ్చారు. పేరు లేదు. ఇవ్వాలా?

పిట్టల_డాక్టర్
ఆదివారం, సాయంత్రం 6:35

ఇవ్వొద్దు. పారెయ్యకుండా పొట్లం మంగళవారం పట్టుకెళ్ళండి.

చాలాచోట్ల ఆ పసుప్పచ్చ పొడి టెట్రాసైక్లిన్ జాతి మందు. నీళ్ళల్లో కలిపితే పక్షి ఎంత తాగిందో, ఎంత మందు లోపలికి పోయిందో లెక్కుండదు. నీరు చేదెక్కితే తాగడమే మానేస్తుంది, 42 డిగ్రీల ఎండలో ఇది ప్రాణం మీదికి తెస్తుంది. అన్నిటికన్నా అసలు నష్టం పరీక్షకి. క్లామిడియాని చంపడానికి చాలదు, దాచడానికి మాత్రం సరిపోతుంది. ఆ మందు లోపల ఉండగా స్వాబ్ తీస్తే "లేదు" అని వస్తుంది, మందు ఆగాక మళ్ళీ బయటపడుతుంది. క్లామిడియాకి నిజమైన వైద్యం డాక్సీసైక్లిన్, డాక్టర్ లెక్క కట్టిన మోతాదు, సాధారణంగా 45 రోజులు. ఆ రోజుల్లో సముద్రపు నురుగు (కటిల్ బోన్), కాల్షియం చుక్కలు కూడా తీసెయ్యాలి, కాల్షియం మందుని పట్టేసి ఒంటికి చేరనివ్వదు. 5 రోజుల పొట్లం ఏ లెక్కలోనూ పడదు.

స్వాబ్‌ని 4, 5 వారాలకి పెట్టమనడానికి ఇదీ ఒక కారణం. మందు ఆగి కనీసం 2 వారాలు గడిచి ఉంటుంది, ఈలోపు లోపల పొదుగుతున్న జబ్బూ బయటికొస్తుంది.

రెట్టశాస్త్రి
ఆదివారం, రాత్రి 8:05

దీనికి ఒకటి కలుపుతాను. క్లామిడియా రోజూ రెట్టలో పడదు, విడతలు విడతలుగా పడుతుంది. అందుకే ఒక్క రోజు రెట్ట చాలదు. వరసగా 3 నుంచి 5 రోజుల రెట్ట కొంచెం కొంచెం కలిపి పంపాలి, లేదా ఒకే స్వాబ్‌ని కంటి లోపలి రెప్ప, అంగిలి చీలిక, రెట్ట ద్వారం ఈ వరసలో తిప్పి తియ్యాలి. పీసీఆర్‌కి పొడి స్వాబే. కల్చర్‌కి వాడే జెల్ గొట్టంలో పెట్టి పంపితే లాబ్ వెనక్కి పంపొచ్చు. పీబీఎఫ్‌డీకి రక్తం చుక్కతో పాటు రొమ్ము దగ్గర పీకిన ఈకలు, మొదలు గుజ్జుతో సహా ఉండాలి. రాలిన ఈకలు పంపితే లాభం లేదు. ఆడా మగా డీఎన్‌ఏ పరీక్ష కూడా చేయించాలనుకుంటే అదే రోజు, అదే రక్తంతో. మళ్ళీ మళ్ళీ పట్టుకోవడం ఎందుకు.

కొర్రల బస్తా
ఆదివారం, రాత్రి 8:30

100 గ్రాముల పిట్టలోంచి ఇన్ని పరీక్షలకి రక్తం తీస్తే దానికేం మిగులుతుందండీ?

పిట్టల_డాక్టర్
ఆదివారం, రాత్రి 8:52

న్యాయమైన ప్రశ్న. ఆరోగ్యంగా ఉన్న పక్షిలో ఒకసారికి ఒంటి బరువులో వందో వంతు దాటకూడదు. 100 గ్రాముల కన్యూర్‌కి 1 మి.లీ., బడ్జీకి 0.3 మి.లీ. అది గరిష్ఠం. మనకి కావాల్సింది అందులో సగం కూడా ఉండదు. మెడకి కుడివైపు నరంలోంచి సన్న సూదితో తీస్తాం, పక్షుల్లో కుడి నరమే లావు. గోరు కత్తిరించి పిండే పద్ధతి వద్దనండి. నొప్పి ఎక్కువ, వచ్చిన రక్తంలో కండ ద్రవం కలిసి అంకెలు చెడతాయి.

నిశ్శబ్ద_కాకటూ
ఆదివారం, రాత్రి 9:20

క్వారంటైన్ గది వరస మర్చిపోకండి. పొద్దున ముందు కాక్‌టెయిల్స్ పని, ఆ తర్వాతే కన్యూర్ పని. తిరిగి వచ్చేటప్పుడు చేతులు సబ్బుతో కడిగి చొక్కా మార్చాలి. గిన్నెలు, స్పాంజి వేరు. ఒకే ఏసీ గాలి రెండు గదులకీ తిరిగితే అది వేరే గది కిందికి రాదు. పొడి చీపురుతో ఊడవకండి, రెట్ట ధూళి లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. బ్లీచ్ వాడితే ముందు మురికి కడిగాకే, 1 పాలు బ్లీచ్‌కి 32 పాళ్ళ నీళ్ళు, 10 నిమిషాలు ఉంచి కడిగెయ్యాలి. ఆ టైములో పక్షి ఇంకో గదిలో ఉండాలి. క్వారంటైన్ కనీసం 30 రోజులు, 45 అయితే మంచిది.

ఇంట్లో ఎవరికైనా జ్వరం, పొడి దగ్గు, తలనొప్పి వస్తే "ఇంట్లో కొత్త చిలక ఉంది" అని మనుషుల డాక్టర్‌కి చెప్పండి. చెప్పకపోతే సిట్టకోసిస్ (చిలకల క్లామిడియా మనిషికి సోకితే వచ్చే జబ్బు) ఆయన తలపుకే రాదు. గర్భిణులు ఆ గది శుభ్రం చెయ్యకూడదు.

బెజవాడ_బాల్కనీ
సోమవారం, రాత్రి 9:30

ఈ పొద్దుటి బరువు 101. షాపులో ఇచ్చిన మిక్స్‌లో గింజలు తింటోంది, ఊది చూశాను, కింద సగం గిన్నె ఖాళీ. మధ్యాహ్నం రెట్ట చుట్ట బాగానే ఉంది, చుట్టూ నీళ్ళు ఎక్కువ. తెల్ల ముద్ద తెల్లగానే ఉంది. రేపు ఉదయం 8:30కి అపాయింట్‌మెంట్ దొరికింది. దారి 40 నిమిషాలు.

పిట్టల_డాక్టర్
సోమవారం, రాత్రి 9:55

101 కంగారు పడాల్సింది కాదు. నిన్నటిది మధ్యాహ్నం, మేత తిన్నాక తూచిన అంకె. రేపు పొద్దుటి అంకెని ఈ రోజుతో పోల్చండి.

ప్రయాణానికి పెద్ద పంజరం వద్దు, లోపల ఎగిరి గుద్దుకుంటుంది. పిల్లికి వాడే చిన్న కారియర్ చాలు. అడుగున తువ్వాలు, దాని మీద బటర్ పేపర్. ఊగే కర్రలు, ఆట వస్తువులు తీసెయ్యండి. నీళ్ళ గిన్నె బదులు రెండు దోసకాయ ముక్కలు పెట్టండి. పలచటి నూలు గుడ్డ కప్పి ఒక పక్క గాలికి వదలండి. బైక్ మీద వద్దు. కారులో ఏసీ ముందే వేసి, గాలి నేరుగా దాని మీదికి కొట్టకుండా చూడండి. కారు సువాసన డబ్బా తీసెయ్యండి. క్లినిక్‌లో కుక్కలుంటే బయట నీడలో నిలబడండి గానీ ఆపిన కారులో వదిలి లోపలికి వెళ్ళొద్దు, ఈ ఎండకి 10 నిమిషాలు కూడా ప్రమాదమే. రెక్కలు ఒంటికి దూరంగా ఎత్తిపెట్టి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కిందని. కాళ్ళు మామూలు నీళ్ళతో తడపండి, ఐసు మాత్రం వద్దు.

వెంట తేవాల్సినవి: బిల్లు, రింగు నంబరు, రెట్ట కాగితాలు, మేత కొంచెం సంచిలో, ఆ పొట్లం, పంజరం ఫోటో. పంజరం తీగెకి తెల్లటి పొడిలా పూత రాలుతుంటే దాని ఫోటో కూడా, జింక్ విషమేమో అని అడగాల్సి వస్తుంది.

బెజవాడ_బాల్కనీ
మంగళవారం, మధ్యాహ్నం 12:20

పొద్దున 102. రొమ్ము కండ బాగుందన్నారు. రెట్టలో క్రిములు లేవు. గ్రామ్ స్టెయిన్‌లో కాస్త ఈస్ట్ కనిపించిందట, మందు ఇవ్వలేదు. పొద్దుతిరుగుడు గింజలు తగ్గించి, వారం తర్వాత తాజా రెట్ట మళ్ళీ తెమ్మన్నారు. అంగిలి మొనలు కొంచెం అరిగాయన్నారు, క్యారెట్, మునగాకు, చిలగడదుంప మొదలుపెట్టమన్నారు. పొట్లం టెట్రాసైక్లిన్ అయ్యుండొచ్చు, ఆపేశారుగా మంచిదే అన్నారు. రెండో విడత 5వ వారం రాసిచ్చారు. ఒక్క సందేహం మిగిలింది: అప్పుడు కన్యూర్ ఒక్కదాన్నే తీసుకెళ్తే చాలా?

పిట్టల_డాక్టర్
మంగళవారం, మధ్యాహ్నం 1:05

చాలదు. కాక్‌టెయిల్స్‌కి కూడా అదే రోజు క్లామిడియా స్వాబ్ తీయించండి. పైకి ఏ జబ్బూ లేకుండా క్లామిడియా మోసేవాటిలో కాక్‌టెయిల్ ముందుంటుంది. కొత్తది తెచ్చిందని మనం అనుకునేది ఒక్కోసారి పాతది ఇచ్చిందే అవుతుంది. మూడిటినీ వేరువేరు కారియర్లలో పెట్టండి. కాక్‌టెయిల్స్‌ని ముందు చూపించి, కన్యూర్‌ని చివర్న లోపలికి తీసుకెళ్ళండి. రిపోర్టులు వచ్చేదాకా గది తలుపు తియ్యొద్దు.